ఉదయగిరి త్రోవలో కవులును, కైఫీయతులును

గ్రంథాలయమునకు వచ్చు బాలురు తొలుత నడుగు పుస్తకములలో పంచతంత్ర కథలొకటి. ఎలుకయు, కాకియు, తాబేలును, లేడియు చేసిన చెలిమి నెరుగని పిల్లవాడు కొండాపురమున నుండడు. కాని యా కథలను తెలుగు పద్యకావ్యముగా రచించిన దూబగుంట నారాయణకవి, తన గ్రంథమును పడమటనున్న ఉదయగిరి నేలిన బసవరాజునకు అంకితమిచ్చెనని యెరిగిన పెద్దలే అరుదు. పుస్తకము బీరువాలో నున్నది. అది పుట్టిన రాచకొలువు ఒకనాటి ప్రయాణములో నున్నది. ఈ రెంటిని కలుపు త్రోవ మాత్రము నడచువారు లేక గడ్డి మొలచినది.

అన్యదేశములందు ఇట్టి త్రోవలు బాగుగా నలిగియున్నవి. లండను నగరమున డికెన్సు నవలలలోని వీధులను కాలినడకన త్రిప్పి చూపి, అందులకు రుసుము గైకొనువారు కలరు. డబ్లినులో ఏటేట జూను 16వ తేదీన జాయిసు నవలలోని పాత్రలు నడచిన దారులనే పాఠకులు నడతురు. హైదరాబాదునందును చార్మినారు పరిసరములలో ఉదయకాలమున చరిత్ర వినుచు నడచు ఏర్పాటులు జరిగినవి. ఉదయగిరికి పోవువారో, కొండయెక్కి, గాలి పీల్చి, దిగి వత్తురు.

కొండ యెత్తు 3,079 అడుగులు. ఒకప్పుడచట పదమూడు కోటలుండెడివి. ఎనిమిది కొండమీద, ఐదు క్రింద. ఈ లెక్క చెప్పుట సులభమే. చెప్పవలసినది మరియొకటి కలదు. 15వ శతాబ్దమున ఈ దుర్గము కావ్యములకు నెలవు. జంటకవులైన నంది మల్లయ, ఘంట సింగనలు సంస్కృతమునందలి ప్రబోధచంద్రోదయ నాటకమును తెలుగు కావ్యముగా చేసి, బసవరాజు మంత్రి గంగయకు అంకితమిచ్చిరి. శ్రీనాథుని మరదియగు దుగ్గన నాచికేతూపాఖ్యానమును వ్రాసినదియు ఆ కొలువు నాశ్రయించియే. రాయలవారి ముట్టడికి పూర్వమే ఉదయగిరి తెలుగు వాఙ్మయమున నిలిచినదన్నమాట. ముట్టడి కథ చెప్పి కవులను విడిచిన చరిత్ర, చరిత్రలో సగమే.

ముట్టడి కథ యైనను తక్కువది కాదు. గజపతుల చేతనున్న ఈ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించెను. గజపతి బంధువగు తిరుమల రాహుత్తరాయడు చిరకాలము నిలిచి పోరి, 1514లో పట్టుబడెను. ఆ వెంటనే రాయలు దేవేరులతో తిరుమలకు పోయి స్వామికి కానుకలర్పించినట్లు అచటి శాసనములు చెప్పుచున్నవి. ఉదయగిరినుండి ఆయన కొనిపోయిన బాలకృష్ణ విగ్రహమును 1515లో విజయనగరమున నూతనాలయమున ప్రతిష్ఠించెను. ఆ ఆలయము నేటికిని హంపిలో నున్నది. విగ్రహము మాత్రము చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినది. ఇచట గెలుపు, అచట పూజ, మరియొకచోట అద్దముల బీరువాల నడుమ కొలువు. ఉదయగిరి చూడవచ్చిన వారికి ఈ మూడు మజిలీలు చెప్పినగాని ఆ దేవుని కథ పూర్తి కాదు.

కొండమీద గోలకొండ ప్రభువుల కాలపు మసీదు కలదు. పారసీ శాసనములు కలవు. వెనుక జాగీరుదారులు ఏలిరి. 1839లో కుంపిణీవారు జాగీరుదారుని కుట్ర నెపమున తొలగించిరి. ఒకరి గెలుపును ఘనముగా చెప్పి వేరొకరి రాతిని దాటిపోవువాడు చరిత్ర చూపువాడు కాడు, తగవు తెచ్చువాడు.

కాలినడకన చరిత్ర నరయుట తెలుగువారికి క్రొత్త కాదు. కల్నలు మెకంజీ కడ కొలువున్న కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనువారు. వీరును, వీరి సహచరులును ఊరూర తిరిగి, కరణముల కవిలెలు, గుడిగోడల శాసనములు, వృద్ధుల నోటి మాటలు వ్రాసికొనిరి. ఆ విధమున ఏర్పడినవే కైఫీయతులు. బొర్రయ్య పాతిక యేండ్లు దాటిన కొలదికాలమునకే, 1803లో, మరణించెను. రామస్వామి 1828లో దక్కను పట్టణముల వృత్తాంతములను, 1829లో దక్కను కవుల చరిత్రములను ఇంగ్లీషున ప్రకటించెను. ఊరి చరిత్రయు, కవి చరిత్రయు ఒకే తెలుగువాని చేతినుండి వరుసగా వెలువడుట గమనింపదగినది.

లక్ష్మయ్య కథ బాధాకరము. 1821లో మెకంజీ మరణింపగా, సగములో నిలిచిన సేకరణను తాను కొనసాగింతునని ఆయన ప్రభుత్వము నర్థించెను. అన్నగారు పోయిన పిమ్మట ఆ పని భారమును మోసినవాడాయనయే. అయినను కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ సంఘమువారు 1836లో స్వదేశీయుని కట్టి భారమునకు చాలనివానిగా నెంచి, ఆ విన్నపమును త్రోసిపుచ్చిరి. నడచి తెచ్చినవాడొకడు, తగునా తగదా యని నిర్ణయించినవారు వేరొకరు.

నెల్లూరు మండల శాసనములను బట్టర్వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు మూడు సంపుటములుగా 1905లో అచ్చొత్తించిరి. ఉదయగిరిలో జనులను త్రిప్పి చూపదలచినవాడు మొదట ఆ సంపుటములతో కూర్చుండవలెను. శాసనమున నున్నది వేరు, కైఫీయతులోనిది వేరు, చెట్టుక్రింద ముసలివారు చెప్పునది వేరు. మూడును చెప్పవచ్చును గాని, ఏది యెక్కడిదో తెలిపి మరీ చెప్పవలెను. కొండలోని సొరంగము పెన్నకు పోవునని యెవరైన నన్నచో, కథయని నవ్వుచు వినిపింపవచ్చును. శాసనమని చెప్పరాదు. గుప్తనిధుల కథను మాత్రము అంత నవ్వుచు చెప్పరాదు. అట్టి మాట నమ్మినవారు పాతగోడల మొదట గోతులు త్రవ్వుదురు. గోడతోబాటు దానిమీది అక్షరమును పోవును.

ఎండాకాలము పనికిరాదు. వానలు వెనుకబట్టిన పిదప, వెలుగు రాకమునుపే బయలుదేరి, ఇరువదిమందికి మించకుండ, నీళ్లు మోసికొని పోవుట మేలు. క్రింది ఆలయముల కడ కవుల సంగతి, సగము కొండ యెక్కి కోటగోడ నీడను ముట్టడి సంగతి, పైన మసీదు ముంగిట తరువాతి పాలకుల సంగతి చెప్పుకొనవచ్చును. మధ్యాహ్నమునకు దిగివచ్చినవారు ఉదయగిరి కొయ్యపనివారి యిండ్ల ముందు నిలిచి, అడవికొయ్యతో చెక్కిన గరిటెలును, చెంచాలును బేరమాడి కొనుచుందురు. ఆ పనివారి తాతలు ఏ నవాబు కాలమున పని నేర్చిరో అడిగి వ్రాసికొనువారు లేరు; అదియు నొక కైఫీయతే.