విమర్శ – విద్వేషం: ఒక చారిత్రక పరిశీలన

అన్యాయం చేసినవాడు ఎవడైనా అతనిని విమర్శించడం తప్పు కాదు. అది విశ్వాసి బాధ్యత కూడాను. అయితే ఒకరి అపరాధాన్ని అతని జాతి యావత్తుకు అంటగట్టినప్పుడు విమర్శ విద్వేషంగా మారుతుంది. ఈ హద్దును గుర్తించడానికి తెలంగాణా ముస్లిములు దూరదేశాల చరిత్రను వెదకనక్కరలేదు. సొంతగడ్డ అనుభవమే చాలును.

రామగుండం నుండి కొత్తగూడెం, ఇల్లెందుల వరకు వ్యాపించిన బొగ్గుగనుల ప్రాంతం ఒకనాడు హైదరాబాదు సంస్థానంలోనిది. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీలో అధికభాగం వాటాలను 1945లో సంస్థాన ప్రభుత్వం కొన్నది. గోదావరిఖని గనులు సంస్థానం అంతరించిన తరువాతనే వృద్ధిచెందాయి. పాలకుడు ముస్లిము అయినంత మాత్రాన సామాన్య ముస్లిములు పాలకులు కాలేదు. వారిలో అత్యధికులు కూలీలు, చేతిపనివారు, చిరుద్యోగులు.

1947–48లో ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు సాగించిన దౌర్జన్యాలు చరిత్ర కాదనలేని సత్యం. వాటిని ఖండించినవారిలో ముస్లిములు ముందు వరుసలోనే ఉన్నారు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లను విమర్శించినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. కార్మికనాయకుడు, కవి మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పాలనకు వ్యతిరేకంగా పోరాడాడు. వీరు చేసినది విమర్శ. వారి గురి ఒక పాలనపైన, ఒక ముఠా చర్యలపైన ఉండెను.

1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య తరువాత జరిగినది వేరు. పరిస్థితిని తెలుసుకోవడానికి నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల బృందం, ఆ చర్య కాలంలోను ఆ తరువాతను 27 వేల నుండి 40 వేల మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటె ఎక్కువగా నష్టపోయాయి. తమ ప్రాణాలకు తెగించి ముస్లిములను కాపాడిన హిందువులను కూడా ఆ నివేదిక పేర్కొన్నది. అది దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. 2013 నాటికి అది పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. రజ్వీని న్యాయస్థానం విచారించి శిక్షించింది. 1957లో విడుదలై అతడు పాకిస్తాను వెళ్ళిపోయాడు. కాని రజాకారు సభ్యత్వమే ఎరుగని రైతుకూలీ, కేవలం తన పేరును బట్టి దోషి అయ్యాడు. విమర్శ ముగిసి విద్వేషం మొదలైన చోటు అదే.

ఈ గాయం ఎరిగినవారు యూదుల విషయంలోను అదే తూనికరాయి వాడవలసి ఉన్నది. యూరపులో జరిగినది ఇదే. 1894లో ఫ్రెంచి సైన్యాధికారి డ్రైఫస్‌పై మోపిన రాజద్రోహ నేరం అబద్ధమని తేలడానికి 1906 వరకు పట్టింది. యూదులు ప్రపంచాన్ని చేజిక్కించుకోవడానికి కుట్ర పన్నారని చెప్పే 'ప్రోటోకాల్స్' 1903లో రష్యాలో అచ్చయ్యాయి. అవి కూటరచన అని 1921లో లండన్ 'టైమ్స్' పత్రిక నిరూపించింది. అయినా ఆ అబద్ధం చావలేదు. హిట్లరు పాలనలో సుమారు 60 లక్షల మంది యూదులు బలి అయ్యారు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. 1948లో సుమారు 7 లక్షల మంది పలస్తీనీయులు నిరాశ్రయులయ్యారు. 1967 నుండి ఆక్రమణ సాగుతున్నది. ఇజ్రాయిల్ ప్రభుత్వాన్ని తప్పుపట్టిన వారినందరినీ యూదద్వేషులని ముద్రవేసి నోరు మూయించడం న్యాయమా? ఎంతమాత్రమూ కాదు. అటువంటి విమర్శ చేసేవారిలో యూదులు కూడా ఉన్నారు. భూమి, సరిహద్దు, సైన్యం, చట్టం – వీటిని గురించి ఆధారంతో చెప్పే మాట విమర్శే. 'యూదులంతా ఇంతే, వారి నైజమే అంత' అనగానే హద్దు దాటినట్లు. ఆ వాక్యంలో 'యూదులు' అనే మాట తీసి 'ముస్లిములు' అని పెట్టి చదివితే తేడా తెలిసిపోతుంది.

గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న యూద సమాజం ఉన్నది. వారు తెలుగువారు, పలువురు వ్యవసాయ కూలీలు. జెరూసలేములో జరిగే నిర్ణయానికి వారిని బాధ్యులను చేయడం, రజ్వీ చేసినదానికి ఉస్మానాబాదు కూలీని బాధ్యుణ్ణి చేయడం వంటిదే. గనికార్మికుడు యాజమాన్యం తప్పును ఎత్తిచూపితే అది హక్కు. అధికారి కులాన్నో మతాన్నో ఎత్తితే అసలు కోరికే పక్కదారి పడుతుంది.

ఇస్లామీయ చరిత్రలో ఇందుకు ప్రమాణం ఉన్నది. మదీనాలో బనూ జఫర్ తెగకు చెందిన తుఅమా ఒక కవచం దొంగిలించి, నేరాన్ని ఒక యూదునిపై నెట్టాడు. తెగవారు తమ మనిషినే సమర్థించారు. అప్పుడు అవతరించిన అన్నిసా సూరా ఆయతులు (105 మొదలు) ఆ యూదుని నిర్దోషిగా తేల్చాయని వ్యాఖ్యాతలు ఉల్లేఖించారు. మదీనా యూద తెగలతో ముస్లిములకు వివాదాలు లేకపోలేదు. అయినప్పటికీ ఆ వివాదాల భారం ఆ నిరపరాధి తలపై పడలేదు. న్యాయం ముందు అతని జాతిని కాక, అతడు చేసినదేమిటి అన్నదే చూడవలెనన్న పాఠం ఆనాడే స్థిరపడింది.