పెరూజా హత్యకేసు: దర్యాప్తులో అనువాద సమస్య

2007 నవంబరు 1 రాత్రి ఇటలీలోని పెరూజా నగరంలో బ్రిటిష్ విద్యార్థిని మెరెడిత్ కెర్చర్ హత్యకు గురైంది. అదే ఇంట్లో ఉంటూ చదువుకొంటున్న అమెరికన్ విద్యార్థిని అమాండా నాక్స్‌పై అనుమానం బలపడడానికి ఒక ఎస్సెమ్మెస్ తోడ్పడింది. ఆ రాత్రి పనికి రానక్కరలేదన్న బారు యజమానికి ఆమె ఇటాలియన్‌లో ఇచ్చిన జవాబులో ఆంగ్ల వీడ్కోలు మాట మక్కికి మక్కిగా అనువాదమైంది. పోలీసులు దానిని ఆ రాత్రే కలుసుకొనే ఒప్పందంగా గ్రహించారు. ‘వెళ్ళొస్తాను’ అన్న తెలుగువారు తిరిగి వస్తామని మాట ఇచ్చినట్లు భావించడం వంటిదే ఇది.

న్యాయవాది లేకుండా రాత్రంతా సాగిన విచారణలో నాక్స్ ఆ యజమానినే హంతకునిగా పేర్కొన్నది. నిర్దోషియైన అతడు సుమారు రెండు వారాలు నిర్బంధంలో గడిపాడు. హత్యానేరానికి రూడీ గెడేకు శిక్ష పడింది. నాక్స్‌కు 2009లో 26 ఏళ్ల శిక్ష విధించగా, 2011లో విముక్తి లభించింది. 2014లో మళ్లీ శిక్ష పడింది. 2015 మార్చి 27న అత్యున్నత న్యాయస్థానం ఆమెను తుదిగా నిర్దోషిగా ప్రకటించింది.

న్యాయవాది లేకపోవడాన్ని, దుబాసీ మధ్యవర్తిగా వ్యవహరించడాన్ని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2019లో తప్పుపట్టింది. అయినప్పటికీ యజమానిపై తప్పుడు ఆరోపణ చేసిన నేరాన్ని ఇటలీ న్యాయస్థానం 2025లోనూ ఖాయపరచింది. ఆ ఆరోపణ ఎట్లా పుట్టిందో అనువాద దోషం కొంత వివరిస్తుంది. దానివల్ల అమాయకునికి కలిగిన నష్టాన్ని మాత్రం తీర్చలేదు.