రాయవేలూరు దారిలో భీమవరం మందు

చెన్నై నుంచి రాయవేలూరు వెళ్లేవాళ్లకు కావేరిపాక్కం పెద్దచెరువు దారిలో తగులుతుంది. పలమనేరు వాళ్లు గుడియాత్తం మీదుగా దిగుతారు. ఎటు నుంచి వచ్చినా తెలుగు రోగులు చేరేది క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికే. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ వైద్యశాలలో 1986లో డాక్టర్ మామెన్ చాండీ బృందం తొలి ఎముక మూలుగ మార్పిడి చేసింది. రోగి తలసీమియా ఉన్న ఒక బిడ్డ.

ఈ చికిత్సకు దారి వేసినవి ఎలుకలు. 1951లో అమెరికా నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో లోరెంజ్, డెల్టా అప్‌హాఫ్ తదితరులు ప్రాణం తీసేంత రేడియేషన్ తగిలిన ఎలుకలకు మూలుగ ఎక్కించి బతికించారు. 1955లో మెయిన్, ప్రెన్ ఇంకో వింత చూపించారు: అలా బతికిన ఎలుక, మూలుగ ఇచ్చిన వంశపు చర్మాన్ని అతికించినా తనదే అనుకుంటుంది. దీన్నే రోగనిరోధక సహనం అంటారు.

అయితే పరాయి మూలుగతో బతికిన ఎలుకలు చాలావరకు కొన్ని వారాలకు చర్మం చెడి, విరేచనాలై, చిక్కి శల్యమై చచ్చేవి. కిడ్నీ మారిస్తే శరీరం కిడ్నీని కాదంటుంది. మూలుగ మారిస్తే ఇల్లరికం వచ్చిన అల్లుడు అత్తింటివాళ్లనే తరిమినట్టు, వచ్చిన కణాలే శరీరం మీద పడతాయి.

1958లో అదే అప్‌హాఫ్ ఈ ఎలుకలకు మెథోట్రెక్సేట్ ఇచ్చి చూసింది. జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ మందు పుట్టింది లెడర్లీ కంపెనీలో, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన పరిశోధనల్లోంచి. ఆయన దృష్టి ఫోలిక్ ఆమ్లం మీద, ల్యుకేమియా మీద. 1948లోనే పోయాడు కాబట్టి ఈ ఎలుకల ముచ్చట ఆయనకు తెలిసే వీల్లేదు. ఆయన పేరు చెప్పి టెట్రాసైక్లిన్ గురించి మురిసిపోయే మనం కూడా దీన్ని పెద్దగా తలుచుకోం.

కిటుకు ఇది: ఒంటిని పరాయిదనుకున్న కణాలు ఒక్కసారిగా విపరీతంగా విభజన చెందుతాయి. విభజనకు ఫోలేట్ కావాలి. మెథోట్రెక్సేట్ దాని పనిని అడ్డుకుంటుంది. తగువుకు దిగినవి చస్తాయి, ఊరుకున్నవి మిగులుతాయి. 1986లోనే, అంటే రాయవేలూరులో తొలి మార్పిడి జరిగిన ఏడాదే, సియాటిల్‌లో స్టార్బ్ బృందం రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్‌కు నాలుగు మెథోట్రెక్సేట్ మోతాదులు జోడిస్తే ఈ ముప్పు బాగా తగ్గుతుందని తేల్చింది. మార్పిడి తర్వాత 1, 3, 6, 11 రోజుల్లో ఇచ్చే ఆ పద్ధతి లోకమంతా పాకింది.

మనుషులు ప్రయోగశాల ఎలుకల్లా అచ్చుగుద్దిన వంశం కాదు. తోబుట్టువు మూలుగ సరిగ్గా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. సరిపోయినా కొందరికి తగువు తప్పదు. కిడ్నీ మార్పించుకున్నవాళ్లు సాధారణంగా బతికినంతకాలం మందు మింగాలి. మూలుగ కుదిరినవాళ్లలో చాలామందికి కొన్ని నెలల్లో సైక్లోస్పోరిన్ ఆపేస్తారు.