విశాఖ తీర్పు కంటే ముందు

పనిచోట లైంగిక వేధింపుల మీద చట్టం ఎప్పుడు మొదలైందని అడిగితే అందరూ 1997 ఆగస్టు 13 నాటి విశాఖ తీర్పునే చెబుతారు. ఆ తీర్పు వెనకున్న భన్వరీదేవి రాజస్థాన్‌లోని భటేరీకి చెందిన కుమ్మరి స్త్రీ. ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో సాథిన్‌గా పనిచేస్తూ ఒక బాల్యవివాహాన్ని ఆపబోయింది. అందుకు కక్షగట్టి 1992లో తనపై సామూహిక అత్యాచారం చేశారని ఫిర్యాదు చేసింది. 1995లో కింది కోర్టు ఆ నేరం నుంచి నిందితుల్ని వదిలేసింది. తర్వాత వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులో కమిటీలున్నాయి, ఆమె కులం ఊసే లేదు.

మేము ఈ చరిత్రను ఇంకా వెనక్కి పోయి చదవాలంటున్నాం. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. మంచినీళ్ల చెరువు దగ్గర ఒక మాదిగ స్త్రీ ఎదురు చెప్పడంతో మొదలైన గొడవ అది. అలాంటి ఘటనల మీద సాగిన పోరాటాల వెనుకే 1989 అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కాదనలేని స్థితిలో ఉన్న దళిత, ఆదివాసీ స్త్రీని ఆ పెత్తనంతో లైంగికంగా వాడుకోవడం నేరమని అందులోనే రాశారు. విశాఖ తీర్పుకు అది ఎనిమిదేళ్లు ముందు.

ఇప్పుడు ఖైరతాబాద్‌కు వద్దాం. ఎమ్మెస్ మక్తా లాంటి బస్తీల నుంచి పొద్దున్నే సోమాజిగూడ, పంజాగుట్ట అపార్టుమెంట్లకు పోయి బాసండ్లు తోమే ఆడవాళ్లకు ఏ కమిటీ ఉంది? నోరు తెరిస్తే పని పోతది, పైగా దొంగతనం అంటగడతరు. 2010 బిల్లు ఇండ్లల్ల పనిచేసేవాళ్లను బయటే ఉంచింది. ఒత్తిడి వచ్చాకే 2013 చట్టంలో చేర్చారు. వాళ్లు మూడు నెలల్లోగా జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ ఆఫీసు ఉద్యోగికి లాగా వీళ్లకు కమిటీ విచారణ లేదు. ప్రాథమిక ఆధారం కనిపిస్తే ఏడు రోజుల్లో పోలీసులకు పంపడమే దాని పని.

అక్కడే కులం మళ్లీ మాయమవుతుంది. ఫిర్యాదులో రాయకపోతే అది ఉత్త అమర్యాద కేసుగా మిగులుతుంది. బాధితురాలు దళితురాలై, నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే అత్యాచారాల చట్టం కూడా వర్తిస్తుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఇంకో మాట చెప్పింది: ఒంటితో ఎదిరించలేదన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. పని పోతదని బిగుసుకుపోయిన మనిషికి ఈ మాట ప్రాణం.

కాబట్టి బస్తీలో ఫిర్యాదు రాసిపెట్టే కార్యకర్తలకు, విద్యార్థులకు మేము చెప్పేది ఒక్కటే. తేదీ, ఇల్లు, జరిగింది రాయండి. ఆమె కులమూ, అతని కులమూ రాయండి. కమిటీకి ఒక కాపీ, పోలీస్ స్టేషన్‌కు ఒక కాపీ ఇచ్చి, రెండింటికీ రశీదు అడగండి.