మొదటి ఖుకురి కొనే ముందు

ఈసారి ముచ్చట ఒక కత్తి గురించి.

మొన్న దసరా పోయినంక మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసిండు. వాళ్ళది కోటపల్లి దిక్కు. పత్తి చేను ఒడ్డు మీద తుమ్మ చెట్లు, ముండ్ల పొదలు బాగా పెరిగినయి. "అన్నా, నేపాలోళ్ళ కత్తి ఒకటి ఫోన్ల చూసిన. ఖుకురి. మస్తుంది. మొదటిసారి కొంటున్న, ఏది తీసుకోవాలె?" అన్నడు.

నేను వెంటనే పేరు చెప్పలేదు. ఎందుకంటే ఏడెనిమిదేండ్ల కింద నేను కూడా ఒకటి కొన్న. ఒక ఎగ్జిబిషన్‌ల, పిడి చివర ఇత్తడి సింహం తల ఉన్నది. ఎండు తుమ్మ కొమ్మ మీద మూడో దెబ్బకే పిడి నా చేతిలో ఉంది, కత్తి పోయి మా బాపు నిలబడ్డ చోటికి అడుగు దూరంలో పడింది. ఆయన ఏమీ అనలేదు. కత్తి ఏరుకొచ్చి పక్కన పెట్టి, గొడ్డలి అందుకున్నడు. ఆ రోజు నుంచే నాకు ఈ కత్తి కథ తెలుసుకోవాలని పట్టుకుంది. ఆ కథ తెలిస్తే ఏది కొనాలో సగం తెలిసినట్టే.

మనలో చాలామందికి ఖుకురి అంటే గూర్ఖానే యాదికొస్తడు. రాత్రి విజిల్ ఊదుకుంటూ, కట్టె నేలకు కొట్టుకుంటూ వీధులు తిరిగి, నెలాఖరుకు ఇంటింటికీ వచ్చే గూర్ఖా. చిన్నప్పుడు మాకు చెప్పిన కథ ఏందంటే, గూర్ఖా కత్తి ఒరలోంచి తీస్తే నెత్తురు చూడకుండా లోపల పెట్టడు అని. అబద్ధం. అదే నిజమైతే కట్టెలు కొట్టేటోడు, మేకలకు ఆకు కోసేటోడు, కూర తరిగేటోడు రోజూ వేలు కోసుకోవాలి! నేపాల్ కొండ ఊళ్ళల్లో ఇవన్నీ చేసేది ఆ కత్తితోనే.

ఇది నేను కొత్తగా చెప్తున్న మాట కాదు. 1793లో ఈస్టిండియా కంపెనీ తరఫున విలియం కిర్క్‌ప్యాట్రిక్ అనే అధికారి నేపాల్ వెళ్ళాడు. ఆయన రాసిన పుస్తకం 1811లో అచ్చయింది. ఖుకురి గురించి ఇంగ్లీషులో రాసిన తొలివాళ్ళలో ఆయన ఒకడు. అందులో ఆయన ఏమంటాడంటే, ప్రతి నేపాలీ నడుముకు ఉండే ఈ కత్తి ముఖ్యంగా వాడేది చిన్న చెట్లు, పొదలు నరకడానికి, కొమ్మలు కొట్టడానికి అని. యుద్ధం మాట కాదు, కొమ్మల మాట.

ఈ కిర్క్‌ప్యాట్రిక్ మనకు పరాయివాడేం కాదు. నేపాల్ నుంచి వచ్చాక హైదరాబాద్‌లో నిజాం దర్బారు దగ్గర కంపెనీ రెసిడెంట్‌గా పనిచేశాడు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఆయన తమ్ముడు జేమ్స్. కోఠిలో విమెన్స్ కాలేజీగా పేరుపడ్డ ఆ పెద్ద భవనం కట్టించింది, ఖైరున్నీసాను పెండ్లాడింది ఆ జేమ్సే. అప్పుడు మన చెన్నూరు కూడా నిజాం ఏలుబడిలోనే ఉంది.

మరి కొమ్మలు కొట్టే కత్తి మనుషుల్ని నరికే కత్తిగా పేరెట్లా తెచ్చుకుంది? 1814లో కంపెనీకి, గోర్ఖా రాజ్యానికి యుద్ధం మొదలైంది. డెహ్రాడూన్ దగ్గర నాలాపానీ గుట్ట మీద ఖలంగా అనే చిన్న కోట. లోపల బలభద్ర కున్వర్, ఆడవాళ్ళు, పిల్లలతో కలిపి దాదాపు 600 మంది. బయట తుపాకులు, ఫిరంగులతో కంపెనీ సైన్యం. కోట పట్టుకోవడానికి వాళ్ళకు నెల పట్టింది. 1814 అక్టోబర్ 31న కంపెనీ జనరల్ గిలెస్పీ అక్కడే చచ్చిపోయాడు. 1806లో వెల్లూరు కోటలో సిపాయిల తిరుగుబాటును అణచినవాడు ఇతనే. ఓడినవాళ్ళ ధైర్యం చూసి ఇంగ్లీషువాళ్ళు అక్కడ రెండు స్తూపాలు కట్టారు, ఒకటి తమవాళ్ళకు, ఒకటి శత్రువుకు. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1815లో, గోర్ఖాలను తమ పటాలాల్లోకి తీసుకోవడం మొదలుపెట్టారు.

అక్కడ నుంచి ఖుకురి సైన్యం గుర్తు అయింది. టోపీ మీద, బ్యాడ్జి మీద అడ్డంగా పెట్టిన రెండు ఖుకురీలు. 1947లో పది గోర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకొచ్చాయి, నాలుగు బ్రిటన్‌కు పోయాయి. ప్రపంచ యుద్ధాల్లో పటాలాల కోసం కుప్పలు కుప్పలుగా చేయించారు. యుద్ధం అయిపోయాక ఇంటికి పోయే సోల్జర్లు గుర్తుగా కొనుక్కుపోయారు, తర్వాత టూరిస్టులు. గోడకు తగిలించేవాడికి మెరుపు కావాలి, సింహం తల కావాలి, ఒర మీద ముఖమల్ కావాలి. ఉక్కు ఎట్లున్నా నడుస్తది. నా చేతిలో విరిగింది ఆ సంతానమే.

ఇంకో సంతానం ఉంది, అది ఊరి కొలిమిది. నేపాల్‌లో ఖుకురి చేసేవాళ్ళను కామి అంటారు. మన కమ్మరి లాగానే విశ్వకర్మ పేరు పెట్టుకుంటారు. కానీ 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ అనే చట్టం కామివాళ్ళను అంటరానివాళ్ళ లెక్కలో రాసింది. వాళ్ళు ముట్టిన నీళ్ళు తాగొద్దు, వాళ్ళు కొట్టిన కత్తి మాత్రం దేశమంతా నడుముకు కట్టుకుంటది! 1963లో కొత్త చట్టం వచ్చేదాకా అది కాగితం మీదనే ఉంది. ఖుకురి శౌర్యం గురించి ఎన్నో వీడియోలు ఉన్నాయి. ఈ ముచ్చట వాటిలో ఎక్కువగా వినపడదు.

ఆ కామి పనితనం చూడాలి. ఇనుము ఎక్కడిది అంటే, ఇప్పుడు ఎక్కువగా పాత లారీల కమాన్ పట్టీలే. మన చెన్నూరులో కమ్మరి కత్తులు చేసేదీ వాటితోనే. పట్టీని ఎర్రగా కాల్చి, వంపు తెచ్చి, వీపు మందంగా, అంచు పలచగా సాగదీస్తారు. ఆఖర్న అసలు విద్య. కత్తిని మొత్తం నీళ్ళలో ముంచరు. కెటిల్‌తో సన్నటి ధారగా అంచు పొడుగునా నీళ్ళు పోస్తారు. అంచు గట్టిపడతది, వీపు మెత్తగానే ఉంటది. గట్టి అంచు కోస్తది, మెత్తటి వీపు దెబ్బను ఓర్చుకుంటది. మొత్తం గట్టిగా ఉంటే ఎండు తుమ్మ మీద పుటుక్కున విరుగుతది. మొత్తం మెత్తగా ఉంటే రెండు కొమ్మలకే అంచు మడుగుతది.

ఉక్కు సంగతి నేపాల్ నుంచే నేర్చుకోవాలా అని ఎవరైనా అంటే, వద్దు. మన ఉత్తర తెలంగాణలోనే కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూత వేసి, ఒక రోజంతా తిత్తులు ఊది ఉక్కు తీసేవాళ్ళు. 1820ల్లో వాయిసీ అనే డాక్టరు ఆ ఊరికి పోయినప్పుడు, ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన ఉక్కు కొంటూ కనిపించాడు. డమాస్కస్ కత్తులని లోకం మెచ్చుకున్నవి అట్లాంటి ఉక్కుతో చేసినవే. తర్వాత సీమ ఉక్కు చవకగా దిగింది, బొగ్గుకు అడవి దొరకలేదు, మూసలు చల్లబడ్డాయి. అయితే ఆ ఉక్కు కత్తియుద్ధానికి. చేను ఒడ్డు మీద కంప కొట్టడానికి కమాన్ పట్టీయే మేలు, ఇది నా లెక్క.

ఇప్పుడు మా తమ్మునికి చెప్పింది చెప్తా. ఖుకురిలో రకాలున్నాయి. సిరుపాతే సన్నగా, గడ్డి ఆకు లాగ ఉంటది, చేతికి తేలిక, పచ్చి తీగలకు బాగుంటది. భోజ్‌పురే వెడల్పు, వీపు మందం. మణికట్టు లావు కొమ్మకు ఇదే. మొదటిసారి కొనేవాడు 10 అంగుళాల అంచు దాటొద్దు. 12, 15 అంగుళాలవి ఫోటోలో బాగుంటయి, పావుగంట కొట్టినంక బరువుకు చెయ్యి వణుకుతది, వణికిన చెయ్యి గురి తప్పుతది.

పిడి సంగతి ముందు చూడు. కొన్నింటిలో ఇనుము తోక లాగ సన్నబడి పిడిలోకి పోతది, లోపల లాహా అనే లక్కతో అంటిస్తరు. బాగా చేస్తే ఏండ్లు నిలుస్తది. చెడ్డగా చేస్తే నా కథే. ఇంకో రకంలో ఇనుము పిడి పొడుగునా కనపడుతది, రెండు పక్కల కట్టె పెట్టి మేకులు కొడతరు. మొదటి కత్తికి ఈ రకమే తీసుకో. కొమ్ము పిడి అందంగా ఉంటది కానీ మన మే నెల ఎండకు పగులుతది. కట్టె పిడి చాలు.

ఒర దగ్గర ఒక జాగ్రత్త. కత్తి తీసేటప్పుడు ఒరను గుప్పిట్లో మొత్తం పట్టొద్దు. వంపు అంచు తోలు కుట్టును కోసుకుని బయటికొస్తే నాలుగు వేళ్ళు పోతయి. వీపు ఉన్న దిక్కునే పట్టుకోవాలి. ఒరలో రెండు చిన్న కత్తులుంటయి. పదును ఉన్నది కర్దా, చిన్న పనులకు. మొద్దుది చక్‌మక్, అంచు సరిచేయడానికి, పూర్వం చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు పుట్టించడానికి. పిడి దగ్గర అంచులో ఉండే చిన్న గాటుకు శివుని త్రిశూలం అని, ఆవు గిట్ట అని రకరకాల కథలు. కొనేటప్పుడు దాన్ని పట్టించుకునే పని లేదు.

ఇక చట్టం. ఇది నవ్వులాట కాదు. ఆయుధాల నియమాల జాబితాలో ఖుకురి పేరు రాసి ఉంది. 9 అంగుళాల కన్నా పొడుగు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తుల లెక్కలో. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి ఆ లెక్కలోకి రావు. అంటే చేను దగ్గర అది పనిముట్టు, బండి మీద నడుముకు కట్టుకుని బజార్లో తిరిగితే వేరే ముచ్చట. రీల్స్ కోసం అసలే వద్దు. మన పక్కనే ప్రాణహిత అభయారణ్యం ఉంది. వన్యప్రాణుల చట్టం 1972 ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో పోవద్దు. ఆ చట్టం ఆయుధం అన్న మాటలో కత్తిని కూడా కలిపింది. తునికాకు కాలానికి ముందు పొదలు కొట్టే కూలీలు పోయేది అధికారుల లెక్కలో. మనం సరదాకు పోతే ఆ లెక్కలో ఉండం.

ఇదంతా విని మా తమ్ముడు, "మరి మనూరి కత్తి సరిపోదా అన్నా?" అన్నడు. ముండ్ల కంపకు అదే మంచిది. మొన వంపు ఉంటది కాబట్టి కంపను గుంజి కోయొచ్చు, ముండ్లు చేతికి దూరంగా ఉంటయి. ఖుకురికి ఆ కొక్కెం లేదు, చెయ్యి దగ్గరికి పోవాలి. కొమ్మలు నరికి కట్టెలు చేయడానికి మాత్రం ఖుకురి బరువు ముందుకు తూగుతది, దెబ్బ తనంతట తనే దిగుతది.

వాడు రెండూ చేసిండు. కంపకు చెన్నూరు కమ్మరి తాత దగ్గర కత్తి చేయించుకున్నడు. తాత అడిగిన మొదటి మాట, "దీంతోటి ఏం కొడ్తవ్ బిడ్డా?" కట్టెలకు 10 అంగుళాల భోజ్‌పురే తెప్పించుకున్నడు, మేకుల పిడిది. అది రాంగనే తాతకు చూపెట్టిండట. తాత ఆకురాయి తీసుకుని అంచు మీద రుద్దితే జారిపోయింది. వీపు మీద రుద్దితే పట్టుకుంది. "ఎవడో పని తెలిసినోడే కొట్టిండు" అని, పిడి మేకుల మీద ఇంకో రెండు దెబ్బలు వేసి ఇచ్చిండట.