చందా పుస్తకంలో మా పీర్లు

పీర్ల పండుగ వచ్చిందంటే పత్రికల్లో ఒక ఫోటో పడుతుంది. నుదుటిన బొట్టు పెట్టుకున్న ఒక అమ్మ పీరుకు దట్టీ కడుతూ ఉంటుంది. కింద 'మతసామరస్యానికి ప్రతీక' అని రాస్తారు. అంతటితో మా సంగతి అయిపోతుంది. మళ్ళీ ఏడాది దాకా ఆ పీరు ఎక్కడుందో, ఆ కొట్టం మీద కప్పు ఉందో లేదో ఎవరికీ పట్టదు. ఆ దట్టీ గుడ్డకు పైసలెవరిచ్చారు? ఆ ఇత్తడి చెయ్యి ఎవరు పోత పోశారు? కొట్టానికి సున్నం ఎవరు వేశారు? ఈ ప్రశ్నలు అడిగిన చరిత్రకారుణ్ణి నేనింకా చూడలేదు. అందుకని విశ్వాసం మాట కాసేపు పక్కన పెట్టి పైసల సంగతి మాట్లాడతాను.

రాజుల లెక్క మనకు కొంత తెలుసు. 1591లో హైదరాబాదుకు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కట్టించాడు. దాని గోడల మీద రంగుల పలకల పని 1611 నాటికి పూర్తయింది. ఆ పసుపూ నీలమూ చూసినవాళ్ళు మర్చిపోరు. మొహర్రం మొదటి పది రాత్రులూ రోజుకు వెయ్యి చొప్పున పెంచుకుంటూ పదివేల దీపాలు వెలిగించేవారని చెప్తారు. నూనె ఖర్చు ఖజానాది. 1687లో గోలకొండ మొగలుల చేతికి పోయింది. ఖజానా పోయింది కాబట్టి దీపాలూ పోయాయి. ఆ ఆషూర్‌ఖానా బండ్లూ గుర్రాలూ పెట్టుకునే కొట్టమైంది. 1764లో నిజాం అలీఖాన్ ఏడాదికి 12,000 రూపాయలు మంజూరు చేశాకే మళ్ళీ దీపం వెలిగింది. 1908 మూసీ వరద మళ్ళీ దెబ్బ తీసింది. పలకలు రాలిపోయిన చోట గోడ మీద రంగులతో గీసి సరిపెట్టారు. ఇప్పుడు వెళ్ళినా ఏది పలకో ఏది రంగో దగ్గరికి పోతే తెలిసిపోతుంది.

మొత్తానికి రాజు పైసలతో బతికిన కళ రాజుతో పాటే పడుకుంది. మరి ఊళ్ళలో పీర్లు ఎందుకు పడుకోలేదు? గోలకొండ పడిపోయిన ఏడు కూడా పల్లెల్లో గుండం తవ్వే ఉంటారని నా నమ్మకం. రుజువు అడిగితే నా దగ్గర లేదు. మా ఇంట్లో ఉన్నది ఒక చందా పుస్తకం మాత్రమే.

మా దాదా ముజావర్. ఆయన పుస్తకం మొదటి సగం ఉర్దూలో ఉంటుంది, మిగతా సగం మా అబ్బా చేతిరాత, తెలుగులో. మధ్యలో కొన్ని ఖాళీ పేజీలున్నాయి. అవి 1948 తర్వాతి ఏళ్ళు. పోలీసు చర్య రోజుల్లో ఊరు విడిచిపోయిన మావాళ్ళు తిరిగి వచ్చేదాకా పీర్లు పెట్టెలోనే ఉన్నాయట. పెట్టెను దాచింది ఒక గొల్లాయన. ఆ మాట పుస్తకంలో లేదు, దాదీ చెప్పింది.

ఆ పుస్తకంలో రూపాయలు తక్కువ, వస్తువులు ఎక్కువ. కుమ్మరి ఇంటి నుంచి ప్రమిదలు, ఒక కుండ. గానుగాయన నూనె. రైతుల నుంచి బండి కట్టెలు, ఏ ఇంటికి ఎన్ని మోపులో లెక్కతో సహా. కోమటి బెల్లం. చాకలి దివిటీలు. ఒక చోట 'పెద్ద పీరుకు చేతి వేలు విరిగింది, కంచరికి ఇచ్చింది' అని రాసి పక్కన గింజల లెక్క ఉంది. ఈ ఒక్క ముక్క దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. పంజా అంటే అయిదు వేళ్ళు, అయిదుగురు పవిత్రుల గుర్తు. దాన్ని అతికించిన చేయి మాత్రం ఫాతిహా తెలియని చేయి. అతడికి కూలి ఊరంతా ఇచ్చింది. బొమ్మ చేసేవాడూ, ఖర్చు పెట్టేవాడూ, మొక్కేవాడూ ఒకే వీధిలో ఉండడం అంటే ఇదే.

దీనికి ప్లానింగ్ లేదనుకోకండి. నెలవంక కనబడక ముందే అరుగు మీద కూర్చునేవాళ్ళు. గుండానికి మొదటి గుద్దలి ఎవరు వేయాలి, కట్టెలు ఏ రోజుకు చేరాలి, పీర్లను చింతపండుతో తోమి మెరుగు పెట్టేది ఎవరు, పెద్ద సరిగెత్తు రాత్రి సవారీ ఏ దారిన పోవాలి, అన్నీ అక్కడే తేలేవి. దారి విషయంలోనే తగాదాలన్నీ. పీరు మా గడప ముందు ఆగాలంటే మా గడప ముందు ఆగాలని. ఏ వాడ దాకా సవారీ పోతుందో ఆ వాడ దాకా ఊరు ఉన్నట్టు లెక్క.

ఇక్కడే ఒక మాట దాచకుండా చెప్పాలి. సవారీ అన్నిటికన్నా ముందు గడీకి పోయేది. దొర దట్టీ కట్టిన తర్వాతే మిగతావాళ్ళవి. మాదిగ డప్పు లేకుండా పీరు లేచేది కాదు, అయినా డప్పు కొట్టినవాడి పేరు మా పుస్తకంలో ఒక్కచోట కూడా లేదు. కుమ్మరికీ కంచరికీ లెక్క ఉంది. డప్పుకు లేదు. ఎందుకంటే అది వెట్టి. వెట్టికి జమా ఖర్చు ఉండదు. రాసింది మా దాదా. 'సామరస్యం' అని మురిసిపోయే సెక్యులర్ మిత్రులూ, 'మా సంస్కృతి' అని గర్వపడే మా ముస్లిం మిత్రులూ ఈ ఖాళీని కూడా చూడాలి. మైనారిటీగా మాకు జరిగిన అన్యాయం గురించి అడిగేటప్పుడు మా పుస్తకంలో మేం వదిలేసిన పేర్ల గురించి అడిగేవాళ్ళకు కూడా జవాబు చెప్పాలి కదా.

చందా ఒక కాలు, ఇనాం రెండో కాలు. పీర్ల కొట్టానికి దీపం ఖర్చుకని ఇచ్చిన భూమి మాకు కొంచెం ఉండేది. నిజాం సర్కారు విచారణ చేసి ఇచ్చిన కాగితాన్ని ముంతఖబ్ అంటారు. ఆంధ్ర వైపు అయితే 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఇచ్చిన టైటిల్ డీడు, అక్కడివాళ్ళు టి.డి. నంబరు అంటారు. సర్కారులు రెండు, కాగితాలు రెండు, తిప్పలు మాత్రం ఒకటే. భూమి కొట్టం పేరున ఉందా, ముజావరు పేరున ఉందా? తాతల కాలంలో ఈ తేడా ఎవరికీ అక్కరలేదు. పీరు సేవ చేసేవాడు పంట తీసుకుని దీపం పెట్టేవాడు, అంతే. 1955లో తెలంగాణ ప్రాంతానికి ఇనాముల రద్దు చట్టం వచ్చింది. అది పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి 1973 నవంబరు 1 అయింది. ఆ రోజున భూమి ఎవరి సాగులో ఉందన్నది ముఖ్యమైంది. దున్నేవాడికి భూమి రావాలన్న న్యాయాన్ని నేను కాదనను. కానీ దీపం ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఏ అధికారీ అడగలేదు. 1954-55 ఖాస్రా పహాణీలో ఏ పేరు పడిందో ఆ పేరు మీద మా పీర్ల జాతకం రాసేశారు. మా భూమి చేతులు మారింది. ఎలా మారిందో చెప్పాలంటే మా ఇంటి పెద్దల తప్పు కూడా చెప్పాలి. అప్పు కింద కొంత వాళ్ళే వదిలేశారు.

ఆ తర్వాత చందా ఒక్కటే మిగిలింది. అది కూడా పలచబడింది. కంచరి పట్నం పోయాడు. ప్రమిదల బదులు కరెంటు బల్బులు వచ్చాయి. మా వాళ్ళలోనే చదువుకున్న పిల్లలు వచ్చి పీర్లు ఇస్లాంలో లేవన్నారు. వాళ్ళతో నేను మతశాస్త్రం వాదించలేను, వాళ్ళు నాకన్నా ఎక్కువ చదివారు. ఒక్కటి మాత్రం అడిగాను. మీరు పీర్లను వదిలేస్తే మీతో పాటు వదిలేసేది ఎవరెవర్నో ఒకసారి ఈ పుస్తకంలో చూడండి అని. ఒకతను చూశాడు. 'చాచా, ఇందులో ముసల్మాన్ల పేర్లు మూడే ఉన్నాయి' అన్నాడు. అతడికి అది తన వాదనకు బలం. నాకు అది నా వాదనకు బలం.

కొన్నేళ్ళ కింద ఒక నాయకుడు స్లాబు వేయిస్తానన్నాడు. గ్రానైటు ఫలకం మీద తన పేరుండాలి, ముందు కమాను కట్టాలి, దాని మీద తన పార్టీ రంగు ఉండాలి. ఊరు రెండు వారాలు కొట్లాడుకుంది. చివరికి ఒక ముసలమ్మ, ముస్లిమేమీ కాదు, 'పీరుకు పేరుంది గదా, ఇంకో పేరెందుకు' అన్నది. స్లాబు రాలేదు. రేకులు వేసుకున్నాం. వాన పడితే ఆ రేకుల మోతకు లోపల మాట వినబడదు. ఆ ముసలమ్మ గొప్పగా మాట్లాడిందని అందరం అంటాం గానీ, స్లాబు ఒప్పుకుని ఉంటే బాగుండేదని నాకు ప్రతి వానాకాలం అనిపిస్తుంది.

2016లో హైదరాబాదు ఖైరతాబాదు దగ్గర మక్తా బస్తీలో గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళ పని అది. నేను పోయి చూశాను, బాగున్నాయి. బస్తీ గోడ మీద కళ రావాలంటే డబ్బెవరిస్తారు, గోడ యజమాని ఒప్పుకోవాలా, రంగు వెలిసిపోతే మళ్ళీ ఎవరు వేస్తారు అని ఇప్పుడు సెమినార్లలో మాట్లాడుతున్నారు. మంచిదే. ఈ ప్రశ్నలన్నీ మా అరుగు మీద మొహర్రం ముందు ఏటా తేల్చుకున్నవే. అయితే మమ్మల్ని ఎవరూ కళ అనలేదు. పండుగ అన్నారు, మూఢనమ్మకం అన్నారు, బిద్అత్ అన్నారు, సామరస్యం అన్నారు.

ఇప్పుడు 2025 చట్టం వచ్చింది. దస్తావేజు లేకపోయినా తరతరాలుగా వాడుకలో ఉన్నది కాబట్టి వక్ఫ్ అనే పద్ధతి ఇక ముందుకు చెల్లదు. ముందే రిజిస్టరైనవి ఉంటాయి, వివాదం ఉంటే, సర్కారు భూమైతే అవీ ఉండవు. సుప్రీంకోర్టు సెప్టెంబరులో కొన్ని సెక్షన్ల మీద స్టే ఇచ్చింది గానీ ఈ మార్పును ఆపలేదు. పీర్ల కొట్టాలకు దస్తావేజు ఎక్కడుంటుంది? ఊరంతా కట్టినదానికి దానపత్రం ఎవరు రాస్తారు?

ఆ ఏడు జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించాలన్నారు. మా కొట్టం పాత వక్ఫ్ గెజిట్‌లో ఉంది, అది మా అదృష్టం. పట్నంలో చదువుకునే మా అన్న కొడుకు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. నేను దాదీ సందూకు తీశాను. వాడు ఒక్కొక్కటి అడుగుతున్నాడు, నేను చెప్తున్నాను. హద్దులు చెప్పాను. విస్తీర్ణం చెప్పాను. దీన్ని వక్ఫ్ చేసినవారి పేరు తెలిస్తే రాయాలి అన్నాడు.

నేను చందా పుస్తకం తెరిచి కుమ్మరి దగ్గర మొదలుపెట్టి చదివాను. వాడు కాసేపు టైపు చేసి ఆగిపోయాడు. 'ఇన్ని పేర్లు పట్టవు బాబాయ్, ఒక్క పేరు చెప్పు' అన్నాడు.

డప్పు కొట్టినాయన మనవడు ఊళ్ళోనే ఉన్నాడు. పొద్దున పోయి వాళ్ళ తాత పేరు రాయించుకు వచ్చాను. పుస్తకం చివరి పేజీలో చేర్చాను. పోర్టల్‌లో ఆ గడి అప్పటికి ఖాళీగానే వదిలేశాం.