మేక కాలు చెప్పిన లెక్క

స్కాట్లండ్ పడమటి తీరంలో రోత్‌సే అనే చిన్న ఓడరేవు ఉంది. 1906 ఆగస్టులో బ్రిటిష్ నౌకాదళం ‘స్పాంకర్’ అనే ఓడలో ఇద్దరు డైవర్లను, వాళ్లతోపాటు జాన్ స్కాట్ హాల్డేన్ అనే ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తను అక్కడికి పంపింది. 2026 ఆగస్టుకు ఆ ముచ్చటకి 120 ఏళ్లు. ఈరోజు స్కూబా డైవర్ ఒడ్డు చేరే తొందరను అణచుకుని, అయిదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఊరికే వేలాడుతున్నాడంటే, ఆ అలవాటు మూలాలు అక్కడున్నాయి. ఇంకా లోతుకు తవ్వితే మేకలు బయటపడతాయి.

లోతు నుంచి తొందరగా పైకొచ్చేవాళ్లను ఒక జబ్బు పడుతుంది. ముత్యాల కోసం, స్పాంజిల కోసం మునిగినవాళ్ల వేల ఏళ్ల చరిత్రలో ఆ జబ్బు ఊసు దాదాపు కనిపించదు. ఊపిరి బిగబట్టి దూకినవాడి దగ్గరున్నది ఒక్క గుక్కెడు గాలి. అది ఒంట్లోకి ఇంకేలోపే పైకొచ్చేస్తాడు. 1670లో రాబర్ట్ బాయిల్ గాలి తోడేసిన గాజుపాత్రలో ఒక పామును ఉంచి, దాని కంట్లో కదిలే బుడగను చూశాడు. అక్కణ్నుంచి ఒక్క గెంతులో 1841కి వచ్చేయొచ్చు. ఆ ఏడు ఫ్రాన్స్‌లో ట్రీజే అనే ఇంజినీరు లువార్ నది దగ్గర గనిలోకి నీరు రాకుండా గాలిని ఒత్తి నింపాడు. బయటికొచ్చిన కూలీలకు కీళ్లు పట్టేశాయి. న్యూయార్క్‌లో అలాగే గాలిని ఒత్తి నింపి బ్రూక్లిన్ వంతెన పునాదులు వేస్తుండగా 1872లో చీఫ్ ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగే ఈ జబ్బుతో మంచం పట్టాడు. భార్య ఎమిలీ ఆయనకీ పనివాళ్లకీ మధ్య వారధిగా నిలిచి 1883 నాటికి పని పూర్తి చేయించింది. ఈలోగా 1878లో పాల్ బేర్ దోషి ఎవరో తేల్చాడు: ఒత్తిడిలో రక్తంలో కరిగిన నైట్రోజన్, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే బుడగలు కడుతుంది. కాబట్టి నెమ్మదిగా రావాలి. ఎంత నెమ్మదిగా? అక్కడే అంతా తడుముకున్నారు.

హాల్డేన్ విషవాయువులను ముందు తన ముక్కుతోనే పీల్చి చూసే రకం. బొగ్గు గనుల్లో కానరీ పిట్టలను పెట్టమన్నదీ ఆయనే. నౌకాదళం అడిగేసరికి లండన్‌లోని లిస్టర్ సంస్థలో ఒక ఉక్కు గది, అందులోకి మేకల మంద సిద్ధమయ్యాయి. ఒత్తిడి పెంచడం, కొంతసేపు ఉంచడం, తగ్గించడం, ఆపైన గమనించడం. మేక తనకెక్కడ నొప్పో చెప్పలేదు గానీ, కీలు పట్టేసిందంటే ముందుకాలు ఎత్తి పట్టుకుని నిలబడుతుంది. ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పే ఆధునిక డైవింగ్ పట్టికలన్నిటికీ ముత్తాత ఆ ఎత్తిన కాలే.

అప్పటికి హాల్డేన్ మరో సంగతి పట్టుకున్నాడు. సుమారు 12 మీటర్ల లోతు నుంచి డైవర్ నేరుగా పైకొచ్చినా, ఎంతసేపు ఉండి వచ్చినా, ఏమీ కావడం లేదు. అంటే ఒత్తిడి సగానికి తగ్గితే ఒళ్లు ఓర్చుకుంటుంది. రెండు వాతావరణాల ఒత్తిడి నుంచి ఒకటికి రాగలిగితే, ఆరు నుంచి మూడుకీ రావచ్చు. అందుకని ఒత్తిడి సగమయ్యేదాకా చకచకా వచ్చేసి, ఆపై మెట్టు మెట్టుకీ ఆగుతూ రమ్మన్నాడు. అడుగు నుంచి ఒకే వేగంతో పాకుతూ రావడమే భద్రమనుకునే రోజుల్లో ఇది తలకిందుల మాట.

ఒంట్లో అన్ని భాగాలూ నైట్రోజన్‌ను ఒకేలా వదలవు. ఒకే తీగమీద ఆరేసిన పంచె, దుప్పటి లాంటి వ్యవహారం ఇది. రక్తం బాగా పారేచోట చప్పున ఖాళీ అవుతుంది. కొవ్వు పట్టుకుని కూర్చుంటుంది. హాల్డేన్ శరీరాన్ని కాగితం మీద అయిదు భాగాలు చేసి, ఒక్కోదానికి సగం నిండే కాలం 5, 10, 20, 40, 75 నిమిషాలని రాసుకున్నాడు. ఏ కత్తీ ఆ భాగాలను విడదీసి చూపలేదు. అయినా లెక్క పనిచేసింది.

రోత్‌సేలో దాన్ని మనుషుల మీద పరీక్షించారు. లెఫ్టినెంట్ డామంట్, గన్నర్ కేటో 210 అడుగుల లోతుకు దిగి, చెప్పినచోటల్లా ఆగి, కులాసాగా పైకొచ్చారు. ఆ సందట్లో హాల్డేన్ కొడుకు జాక్‌కీ డైవింగ్ సూటు తొడిగి దించారు. వయసు 13. సూటు వదులు, లోపలికి నీళ్లు కారాయి. తండ్రి పెంపకం అలాంటిది. పట్టికలు 1908లో అచ్చయ్యాయి. డామంట్ తరువాత మునిగిపోయిన ‘లారెంటిక్’ ఓడలోని 3,211 బంగారు కడ్డీల్లో 3,186 బయటికి తీయించాడు.

ఆ జాక్ పెద్దయ్యాక జె.బి.ఎస్. హాల్డేన్. 1939లో ‘థీటిస్’ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, తనూ ఒత్తిడి గదుల్లో కూర్చుని ప్రయోగాలు చేశాడు. ఆక్సిజన్ తెచ్చిన మూర్ఛలో వెన్నుపూసలు నలిగాయి. 1957లో కలకత్తా వచ్చాడు. అక్కడ ఆయన శిష్యుల్లో పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. జె.బి.ఎస్. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాక, వీలునామా ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

ఇక్కణ్నుంచి కథ చిక్కుపడుతుంది. అమెరికా నౌకాదళంలో పైకొచ్చే వేగం మీద తగువొచ్చింది: తేలికపాటి పరికరాలతో ఈదే ఫ్రాగ్‌మెన్ నిమిషానికి వంద అడుగులు, ఆపైన కావాలన్నారు, బరువైన శిరస్త్రాణాల డైవర్లు అంత వేగం కుదరదన్నారు. 60 దగ్గర బేరం కుదిరింది. సెకనుకి అడుగు, లెక్క సులువు! శాస్త్రం పేరుతో దశాబ్దాలు నడిచిన ఆ అంకె చివరికి 30కి తగ్గింది. 1970 దశకంలో ఆండ్రూ పిల్మానిస్ డాప్లర్ యంత్రంతో డైవర్ల రక్తంలో బుడగల చప్పుడు విన్నాడు. పైకి చేరేముందు కాసేపు ఆగినా ఆ చప్పుడు బాగా తగ్గింది. మొదట్లో చెప్పిన ఆ మూడు నిమిషాల ఆగడానికి, అంటే సేఫ్టీ స్టాప్‌కు, అది గట్టి ఆధారమైంది.

తర్వాత లోతులోనే ఆగడం ఫ్యాషన్ అయ్యింది. హవాయిలో చేపల శాస్త్రవేత్త రిచర్డ్ పైల్, పట్టిన చేపల గాలితిత్తుల్లో గాలి తీయడానికి మధ్యలో ఆగిన రోజుల్లో తనకు అలసట తక్కువని గమనించాడు. చాలామంది ఆ దారి పట్టారు. 2011లో అమెరికా నౌకాదళం ఫలితాలు వేరే మాట చెప్పాయి: లోతులో ఆగిన 198 డైవ్‌లలో 11 మందికి జబ్బు, పైన ఆగిన 192లో ముగ్గురికే.

ఇప్పుడు పట్టిక పని మణికట్టు మీది కంప్యూటర్‌ది. ఒకే పడవ దిగి, ఒకే లోతున తిరిగి వచ్చిన ఇద్దరికి రెండు కంపెనీల యంత్రాలు రెండు వేర్వేరు నిమిషాలు చూపించడం మామూలే. లోపలి సూత్రాలు వేరు, పెట్టుకున్న జాగ్రత్త పాళ్లు వేరు. అలాంటప్పుడు ఎక్కువసేపు ఆగమన్న యంత్రం మాటే ఇద్దరూ వినాలని శిక్షకులు చెబుతారు.